చైనా పాతిళ్ళ చదువు: ఒక రిటైర్డ్ మాస్టారి పాఠాలు

ఆర్కిటెక్చర్ కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయ్యాక కూడా నన్ను వదలని సబ్జెక్టు ఒకటుంది. చైనాలో మామూలు జనం కట్టుకున్న పాత ఇళ్ళు. రాజభవనాలు కావు, పగోడాలు కావు, రైతులూ చిన్నాచితకా వ్యాపారులూ కాపురాలు చేసిన ఇళ్ళు. పీహెచ్‌డీ చేసే పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "మాస్టారూ, అందులో ఇప్పుడు ట్రెండ్ ఏం నడుస్తోందండీ?" అంటారు. అడగడం తప్పు కాదు. గైడు అడుగుతాడు, కమిటీ అడుగుతుంది, జర్నల్ అడుగుతుంది. కాకపోతే ఈ చదువు మొదలై తొంభై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో వచ్చిన ఒరవడి ప్రతిదీ ఆ ఇళ్ళలో ఒకటి కొత్తగా చూపించింది, ఇంకొకటి కంటపడకుండా చేసింది. చూపించినదాన్ని గురించి బోలెడు వ్యాసాలున్నాయి. రెండోదాన్ని ఎవరికి వాళ్ళు వెతుక్కోవాల్సిందే. అది ఫోన్లో తేలే మాట కాదు కనక అంకెలు వేసి రాస్తున్నాను.

1. ముందు గుళ్ళు వచ్చాయి, ఇళ్ళు ఆలస్యంగా వచ్చాయి. ఎందుకో తెలుసుకోండి.

చైనా కట్టడాల చరిత్రను చైనావాళ్ళే పద్ధతి ప్రకారం చదవడం గట్టిగా మొదలైంది 1930లో. జు చిచియెన్ అనే మాజీ మంత్రి బీజింగులో నిర్మాణకళా పరిశోధన సంఘం పెట్టాడు. లియాంగ్ సిచెంగ్, ఆయన భార్య లిన్ హుయ్‌యిన్, లియు దున్‌జెన్ అందులో చేరారు. ముగ్గురూ ఉద్దండులే. వాళ్ళు వెతికింది మాత్రం టాంగ్, సోంగ్ రాజుల కాలపు చెక్క గుళ్ళ కోసం. టాంగ్ కాలపు చెక్క కట్టడం చూడాలంటే జపాన్‌లోని నారాకు వెళ్ళాల్సిందే అని జపాన్ పండితులు అంటున్న రోజులవి. 1937 వేసవిలో షాన్‌షీ రాష్ట్రం వూతాయ్ కొండల్లో 857 నాటి ఫోగ్వాంగ్ ఆలయం లియాంగ్ దంపతుల కంటపడింది. ఆ పట్టుదల వెనక ఉన్నది జాతి పరువు. పరువు పందెంలో ఉన్నప్పుడు రైతు ఇల్లు ఎవరికి గుర్తొస్తుంది?

అలాగని పూర్తిగా వదిలేశారనీ కాదు. 1934లోనే సంఘం పత్రికలో గుహల నివాసాల మీద లాంగ్ చింగ్‌జోంగ్ రాసిన వ్యాసం వచ్చింది. గుళ్ళ కోసం తిరిగిన ప్రయాణాల రాతల్లో దారిలో కనిపించిన ఇళ్ళ గురించి ఒకటి రెండు పేజీలు దొర్లుతుండేవి.

ఇళ్ళను ముందుకు తెచ్చింది యుద్ధం. జపాన్ సైన్యం బీజింగును పట్టుకున్నాక సంఘం పెట్టేబేడా సర్దుకుని యున్నాన్ రాష్ట్రం కున్‌మింగుకు చేరింది. బాంబుల భయానికి అక్కణ్ణించి చుట్టుపక్కల పల్లెలకు మారారు. పండితులు మొదటిసారి రైతుల ఇళ్ళలో అద్దెకున్నారు. వాళ్ళలో ఒకడైన లియు జిపింగ్ అక్కడి 'యీకయిన్' ఇళ్ళను కొలిచాడు. నట్టనడుమ చిన్న ఖాళీ, ఎదురుగా మూడు అంకణాల పెద్దిల్లు, ఇటు రెండు అటు రెండు పక్క గదులు, మొత్తం కలిపి చదరంగా ముద్ర కొట్టినట్టు ఉంటుంది. ఆ వ్యాసం 1944లో, చేత్తో రాసి లితోగ్రాఫ్ వేసిన సంచికలో వచ్చింది. 1940లో లియాంగ్, లిన్ దంపతులు లాంగ్‌తౌ అనే పల్లెలో తమ కోసం ఒక చిన్న ఇల్లు కట్టుకున్నారు. జీవితాంతం కట్టడాల గురించి రాసిన ఆ ఇద్దరూ తమకంటూ గీసి కట్టుకున్న ఇల్లు అదొక్కటే. ఏడాది తిరక్కుండానే దాన్నీ వదిలి సిచువాన్ దారి పట్టాల్సి వచ్చింది.

ఒక రచయిత ఏం రాశాడో చదివే ముందు, ఆ ఏడాది ఆయన ఏ చూరు కింద పడుకున్నాడో చూడండి. సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది.

2. ప్లాన్ చూసి రకం చెప్పడం నేర్చుకోండి. అక్కడ ఆగిపోకండి.

లియు దున్‌జెన్ 1956లో వ్యాసంగానూ 1957లో పుస్తకంగానూ తెచ్చిన చైనా నివాసాల పరిచయం ఈ రంగానికి అఆలు. ఆయన ఇళ్ళను ప్లాన్ ఆకారం బట్టి తొమ్మిది రకాలు చేశాడు. గుండ్రటివి, నిలువు దీర్ఘచతురస్రాలు, అడ్డ దీర్ఘచతురస్రాలు, మూలమట్టం ఆకారంవి, మూడు వైపుల ఇళ్ళు, నాలుగు వైపుల ఇళ్ళు, ఆ రెండూ కలిసినవి, వలయాకారపు పెద్దిళ్ళు, చివరికి గుహలు. ఒంటిగది గుడిసెనూ బహుళ ప్రాంగణాల భవంతినీ ఒకే పట్టికలో పక్కపక్కన కూర్చోబెట్టడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

అయితే ఆకారం కారణం చెప్పదు. చైనాలో ఎటు చూసినా మామూలు ఇల్లు మూడు అంకణాలే ఉంటుంది ఎందుకని? మింగ్ రాజుల చట్టం అది. సామాన్యుడి ఇల్లు మూడు అంకణాలు దాటకూడదు, కప్పు మోసే అడ్డ దూలాలు ఐదు మించకూడదు, రాజుగారి కట్టడాల్లో ఉండే చెక్క బ్రాకెట్లు పెట్టకూడదు, రంగులు వేయకూడదు. డబ్బున్నవాడు మరి ఏం చేశాడు? వెడల్పు పెంచే వీల్లేదు కాబట్టి లోపలికి పెంచాడు. ఒక ప్రాంగణం వెనక ఇంకోటి, దాని వెనక మరోటి. వీధిలోంచి చూస్తే మర్యాదగా మూడు అంకణాలే. ప్లాన్‌లో పొడుగ్గా కనిపించే ఇంటిని "నిలువు దీర్ఘచతురస్రం" అని రాసి ఊరుకుంటే ఆ తెలివితేటలన్నీ పోయినట్టే.

3. రాష్ట్రాల సరిహద్దులు ఇళ్ళకు తెలియవు.

1980లలో రాష్ట్రానికో పుస్తకం వచ్చింది. 1960ల మొదట్లో సర్వే చేసిన సామగ్రితో 'జెజియాంగ్ ఇళ్ళు' 1984లో అచ్చయింది. ఆ మధ్యలో సాంస్కృతిక విప్లవం వచ్చిపోయింది, మరి. తర్వాత జీలిన్, యున్నాన్, ఫూజియెన్, గ్వాంగ్‌డోంగ్ వరసగా వచ్చాయి. 1988లో గ్వాంగ్‌జౌలోని దక్షిణ చైనా సాంకేతిక విశ్వవిద్యాలయంలో లు యువాన్‌దింగ్ పూనికతో ఇళ్ళ మీదనే మొదటి జాతీయ సదస్సు జరిగింది. ఈ రంగం తన కాళ్ళ మీద తను నిలబడ్డది అప్పుడే అని నేనంటాను.

ఆ పుస్తకాల్లోని బొమ్మలు చూసి తీరాలి. చేత్తో గీసిన కోత చిత్రాలు, గడప మీద చెప్పులతో సహా. ఇవాళ్టి కంప్యూటర్ డ్రాయింగుల్లో ఆ చెప్పులు ఉండవు.

వాటితో చిక్కల్లా రాష్ట్రాన్ని కొలమానంగా తీసుకోవడం. వూయువాన్ అనే కౌంటీ వందల ఏళ్ళు ఆన్‌హుయ్ రాష్ట్రపు హుయ్‌జౌ ప్రాంతంలో భాగం. అవే తెల్ల గోడలు, అవే వ్యాపార కుటుంబాలు. 1934లో దాన్ని జియాంగ్‌షీ రాష్ట్రంలో కలిపారు, 1947లో వెనక్కి ఆన్‌హుయ్‌కి ఇచ్చారు, 1949లో మళ్ళీ జియాంగ్‌షీకే మార్చారు. 'ఆన్‌హుయ్ ఇళ్ళు' చదివినవాడికి వూయువాన్ దొరకదు. వలసలు, నదులు, వడ్రంగుల పని తిరుగుళ్ళు, మాట్లాడే యాస, ఇవి చూసుకుని ఎల్లలు గీసుకోండి.

4. పేరు పడ్డ ఇంటి పక్కింటికి వెళ్ళండి.

ఫూజియెన్ తూలౌలు తెలియనివాళ్ళుండరు. గుండ్రటి కోటలాంటి మట్టి మేడలు. వెదురు బద్దలు మధ్యమధ్యలో వేస్తూ దిమ్మిసతో కుదించిన గోడలు, లోపల మూడు నాలుగు అంతస్తుల చెక్క గదులు, మధ్యలో పూర్వీకుల పూజా మందిరం. యోంగ్‌దింగ్ కౌంటీలో చెంగ్‌చీ లౌ 1709లో పూర్తయింది. 2008లో యునెస్కో 46 తూలౌలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అమెరికా ఉపగ్రహాలు వీటిని చూసి క్షిపణి గోతులనుకున్నాయని ఒక కథ ఉంది. గైడ్లు తెగ చెబుతారు, టూరిస్టులు తెగ ఫోటోలు తీసుకుంటారు. థీసిస్‌లో మాత్రం రానివ్వకండి.

చాలాకాలం వీటిని హక్కా జాతివాళ్ళ సొంత సొత్తుగా రాశారు. హువాంగ్ హాన్‌మిన్ లాంటివాళ్ళు పల్లె పల్లె తిరిగి లెక్క తీశాక, దక్షిణ ఫూజియెన్ యాస మాట్లాడే జనం కూడా వీటిని ఎన్నో కట్టారని తేలింది. హువాఆన్ కౌంటీలో పేరుమోసిన అర్‌యీ లౌ వాళ్ళదే. రెండింట్లో కాపురం తీరే వేరు. హక్కా తూలౌలో గది గదికీ ముందు ఉమ్మడి వసారా చుట్టూ తిరిగొస్తుంది, మెట్లు అందరివీ. అర్‌యీ లౌలో ఒక్కో కుటుంబానికి కింది నుంచి పైదాకా నిలువు కోత, సొంత మెట్లు, సొంత ముంగిలి. బయట గోడ చూస్తే రెండూ ఒకటే. లోపలికెళ్ళి మెట్లు ఎవరివి అని అడిగినవాడికే తేడా తెలుస్తుంది.

5. వడ్రంగితో గడపండి.

ఈ పాఠం దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను, నాకిష్టమైన చోటు కనక.

గ్వీజౌ రాష్ట్రం ఆగ్నేయాన దోంగ్ జాతివాళ్ళ పల్లెల్లో ఇల్లంతా చెక్కే. అక్కడి పెద్ద మేస్త్రి కాగితం మీద బొమ్మ గీయడు. లావుపాటి వెదురు తెచ్చి నిలువునా చీలుస్తాడు. ఒక సగం తీసుకుని పైపచ్చ గీకేస్తాడు. దాని పొడవు ఇంటి నట్టనడి స్తంభం ఎత్తుకు సరిపోవాలి. ఆ గీకిన ఒంటి మీద, వెదురునే చెక్కి చేసిన కలంతో, నల్ల సిరాతో గుర్తులు పెడతాడు. ఫలానా స్తంభానికి ఇక్కడ బెజ్జం, ఫలానా అడ్డకర్ర ఇక్కడ దూరాలి, ఇదిగో అటక మట్టం, ఇదిగో చూరు. గుర్తులు వడ్రంగుల సొంత లిపిలో ఉంటాయి. బడి చదువు చదివిన చైనావాడు కూడా చూసి తెల్లమొహం వేస్తాడు. ఇల్లు మొత్తం ఆ ఒక్క వెదురు బద్ద మీద ఉంటుంది. స్తంభాలన్నీ నేల మీద పరిచి, తొలిచి, వరసలు వరసలుగా బిగించి, ముహూర్తం వేళకు ఊరంతా కలిసి తాళ్ళతో లేపి నిలబెడతారు.

కోత చిత్రం గీసే కుర్రాడు ఆ ఇంటిని టేపుతో కొలిచి మిల్లీమీటర్లలో రాస్తాడు. కర్ర ఎండి కుంచించుకుపోయిన కొలత అది. మేస్త్రి అనుకున్న కొలత వెదురు మీద ఉంది. పాత పరిశోధనలో మొదటిదే ఎక్కువ. వడ్రంగుల పద్ధతుల మీద ఈమధ్య ఇరవై ముప్ఫై ఏళ్ళుగా శ్రద్ధ పెరిగింది. చెక్క కట్టడాల సంప్రదాయ నైపుణ్యం 2009లో యునెస్కో జాబితాకెక్కాక ఇంకా పెరిగింది. ఈలోగా మేస్త్రులు ముసలివాళ్ళయ్యారు.

పుస్తకంలోంచి వడ్రంగిని వినాలంటే 'లు బాన్ జింగ్' అనే పాత వడ్రంగి గ్రంథం ఉంది. డచ్ పండితుడు క్లాస్ రూటెన్‌బేక్ 1993లో దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి వివరంగా వ్యాఖ్యానం రాశాడు. అందులో తలుపు కొలిచే బద్ద ప్రస్తావన వస్తుంది. బద్దకు ఎనిమిది భాగాలు: సంపద, రోగం, ఎడబాటు, ధర్మం, పదవి, దోపిడి, హాని, మూలం. ద్వారం వెడల్పు మంచి భాగంలో పడాలి. తెలుగువాడికి ఇది చదవగానే ఆయం లెక్క గుర్తుకు రాక మానదు. మనకూ ఎనిమిదే: ధ్వజం, ధూమం, సింహం, శునకం, వృషభం, ఖరం, గజం, కాకం. మనకు ఒకటి విడిచి ఒకటి మంచివి. వాళ్ళకు రెండు చివరలూ, నడిమి రెండూ మంచివి. ఈ పోలిక పట్టుకుని "అక్కణ్ణించి ఇక్కడికొచ్చింది", "ఇక్కణ్ణించి అక్కడికెళ్ళింది" అని కాన్ఫరెన్స్ పేపర్లు రాసేవాళ్ళుంటారు. ఎనిమిదీ ఎనిమిదీ కలిసినంత మాత్రాన చుట్టరికం రుజువు కాదు. అంతకంటే విలువైన సంగతి ఆ గ్రంథంలోనే ఉంది, దాన్ని దాటేస్తారు. మంచి భాగాలు నాలుగున్నా నాలుగూ అందరివీ కావు. 'ధర్మం' గుళ్ళకూ బడులకూ, 'పదవి' సర్కారు కచేరీలకూ. మామూలు జనానికి మిగిలేవి 'మూలం', 'సంపద' రెండే. ఇందాక చెప్పిన మూడు అంకణాల చట్టం ఒకవైపు, ఈ బద్ద ఒకవైపు. రాజు పైనుంచి గీసిన గీతను వడ్రంగి కింద తలుపు దగ్గర మళ్ళీ గీస్తున్నాడు.

6. ఇంట్లో ఎవరున్నారో కనుక్కోండి. ఆడవాళ్ళను మొదట అడగండి.

మా అమ్మాయి బోస్టన్ దగ్గర ఉంటుంది. వెళ్ళినప్పుడల్లా సేలం ఊళ్ళోని పీబాడీ ఎసెక్స్ మ్యూజియానికి ఒక పూట తీసుకెళ్ళమంటాను. హుయ్‌జౌ ప్రాంతంలో, హువాంగ్ కుటుంబం 1800 ప్రాంతంలో కట్టుకున్న యిన్ యూ తాంగ్ అనే ఇంటిని ఊడదీసి, ఓడల్లో తెచ్చి, అక్కడ మళ్ళీ నిలబెట్టారు. 2003 నుంచి జనానికి చూపిస్తున్నారు. బయట నుంచి చూస్తే తెల్లటి ఎత్తు గోడ, పైనెక్కడో పిడికెడు కిటికీలు. లోపల పదహారు పడకగదులు, మధ్యలో తియెన్‌జింగ్. అది మన మండువాకు చుట్టమే కానీ ఇరుకు, లోతు ఎక్కువ. నేను అక్కడ నిలబడి చూసేది చెక్కడాలు కాదు. గోడకు ఒక లౌడ్ స్పీకర్ పెట్టె ఉంది, మావో కాలంలో సర్కారు మాటలు ఇంటింటా వినిపించడానికి బిగించినది. ఒక గదిలో బయట దేశపు తరహా వాల్‌పేపర్. ఇంటిని కట్టిన నాటి 'స్వచ్ఛమైన' స్థితికి తీసుకెళ్ళకుండా, ఆఖరి మనిషి వదిలిపోయినప్పుడు ఎలా ఉందో అలా ఉంచడం క్యూరేటర్ నాన్సీ బర్లీనర్ బృందం తీసుకున్న నిర్ణయం. అది నాకు నచ్చింది. రెండొందల ఏళ్ళు కాపురం చేసిన ఇంటికి ఒకే తేదీ వేయడం అబద్ధం.

హుయ్‌జౌలో మగపిల్లలు పద్నాలుగేళ్ళకల్లా వ్యాపారానికి బయటి ఊళ్ళకు పోయేవారు. ఏళ్ళ తరబడి రారు. అంటే ఆ ఎత్తు గోడల లోపల రోజూ బతికింది అత్తలూ కోడళ్ళూ పిల్లలూ. ప్లాన్ మీద 'యజమాని గది' అని రాసినచోట యజమాని ఏడాదికెన్ని రాత్రులు పడుకున్నాడు? 1997లో ఫ్రాన్సెస్కా బ్రే ఇంటినీ, నేతనూ, కాన్పునూ కలిపి, ఆడవాళ్ళను తీర్చిదిద్దే పనిముట్లుగా చూస్తూ పుస్తకం రాసింది. ఆర్కిటెక్చర్ శాఖల్లో దాన్ని చదివినవాళ్ళు తక్కువ. మన పిల్లలు తప్పక చదవాలి.

హుయ్‌జౌలో ఇంకో నిధి ఉంది: కాగితాలు. అన్నదమ్ములు విడిపోయేటప్పుడు చీట్లు వేసి రాసుకున్న పంపకపు దస్తావేజులు కుప్పలు కుప్పలుగా మిగిలాయి. ఫలానావాడికి తూర్పు పక్క కింది గది, ఫలానావాడికి దాని మీద అటక, నడిమి సావడి అందరిదీ. ఆ కాగితం చేత్తో పట్టుకుని ఇంట్లో తిరిగితే, తరవాతెప్పుడో అడ్డుగా లేచిన పలకగోడ ఎందుకొచ్చిందో, ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు ఎందుకున్నాయో అర్థమవుతుంది. పొయ్యి వేరైతే కుటుంబం వేరైనట్టు లెక్క. పొయ్యిలు లెక్కపెట్టండి.

ఒక్క ఇల్లు కూడా చాలదు, ఊరు మొత్తం చూడాలని పట్టుబట్టినవాడు చింగ్‌హువా విశ్వవిద్యాలయంలోని చెన్ జిహువా. 1989 నుంచి లౌ చింగ్‌షీ, లీ చియుషియాంగ్‌లతో కలిసి జెజియాంగ్ పల్లెలు పట్టుకుని తిరిగాడు. షిన్‌యే, జుగ, నాన్‌షీ నది ఊళ్ళు. వంశ మందిరం, బావి, వంతెన, బాటసారుల చావడి, శ్మశానం అన్నీ కలిపి చదివాడు. రిటైరయ్యే వయసులో మొదలుపెట్టిన పని అది. 2022లో పోయాడు. రిటైరయ్యాక ఇంకేం చేస్తాం అనే మిత్రులకు ఆయన పేరే చెబుతుంటాను.

7. "శీతాకాలం వెచ్చన, వేసవి చల్లన" అని రాసేముందు ఒక స్వెటర్ తీసుకెళ్ళండి.

ఇప్పటి ట్రెండుల్లో పెద్దది వాతావరణ లెక్క. సెన్సార్లు పెట్టి, కంప్యూటర్‌లో ఇంటిని నిలబెట్టి, గాలీ ఎండా నడిపించి చూస్తారు. పనికొచ్చే పనే. కాకపోతే ఆ కంప్యూటర్ ఇల్లు ఖాళీగా ఉంటుంది. హుయ్‌జౌ ఇల్లు చలికాలంలో గడ్డకట్టిస్తుంది. తియెన్‌జింగ్ పైన కప్పుండదు, సావడికి తలుపులుండవు. పేపర్లో "సౌఖ్యం తక్కువ" అని వస్తుంది. ఆ ఇంటి ముసలమ్మ ఏం చేస్తుందో చూడండి. ఎత్తు అంచుల చెక్క తొట్టిలో కూర్చుంటుంది. అడుగున నిప్పుల కుంపటి, దాని మీద ఇనుప జల్లెడ, జల్లెడ మీద పాదాలు, ఒళ్ళో దుప్పటి. ఆవిడ వేడి చేసుకుంటున్నది ఇంటిని కాదు, తనని. ఉత్తరాన అదే సంగతి ఇంకోలా ఉంటుంది. వంటపొయ్యి పొగ ఇటుక మంచం కడుపులోంచి వెళ్తుంది. జీలిన్ మాంచూ ఇళ్ళల్లో ఆ మంచం మూడు గోడల వెంట తిరుగుతుంది, పొగగొట్టం ఇంటికి దూరంగా విడిగా నిలబడుతుంది. పడకా పొయ్యీ ఒకే యంత్రం. గోడ మందం లెక్కతో ఇది తేలదు.

గుహ ఇళ్ళ విషయంలో ఈ మోజు మరీ ముదిరింది. గాలి మోసుకొచ్చి పేర్చిన పసుపు మట్టి పీఠభూమిలో తొలిచిన యావ్‌దోంగ్‌లలో 1980లలో దాదాపు నాలుగు కోట్ల మంది ఉండేవారని లెక్క. హెనాన్ వైపు నేలలోకి చదరంగా గొయ్యి తవ్వి, నాలుగు గోడల్లోకీ గదులు తొలుస్తారు. పైన నడిచేవాడికి చెట్టు కొమ్మలు తప్ప ఊరు కనపడదు. 1930లలో ఒక జర్మన్ పైలట్ విమానంలోంచి తీసిన ఫోటోలను రుడోఫ్‌స్కీ అనే ఆర్కిటెక్ట్ 1964లో న్యూయార్క్‌లో ఒక ప్రదర్శనలో పెట్టాడు. అప్పణ్ణించీ పడమటి దేశాలకు వీటి మీద ప్రేమ. పెట్రోలు ధరలు పెరిగాక ఇంధనం ఆదా చేసే ఇళ్ళని ఇంకా ప్రేమ. 1992లో గిడియన్ గొలానీ పుస్తకం ఆ కోవలోదే, మంచి పుస్తకం.

అదే మట్టి భూకంపానికి జారిపోతుంది. 1556లో షాన్‌షీ (ఇందాకటిది కాదు, దాని పడమటి పక్క రాష్ట్రం) భూకంపంలో 8,30,000 మంది పోయారని చరిత్రలో రాశారు. 1920 డిసెంబరులో హాయ్‌యువాన్ దగ్గర మళ్ళీ రెండు లక్షలకు పైగా. గుహలు కూలి, కొండచరియలు జారి పోయినవాళ్ళే ఎక్కువ. పచ్చదనం పాఠంలో ఆ సంగతి కూడా రాయాలి. గుహలోంచి పైకొచ్చి ఇటుక ఇల్లు కట్టుకున్న రైతును "సంప్రదాయం వదిలేశాడు" అని తిట్టే పేపర్లు చదివితే నాకు ఒళ్ళు మండుతుంది.

8. పేపర్ల మ్యాపును ఇళ్ళ మ్యాపు అనుకోకండి.

చావోమెయ్ చెన్ తయారుచేసిన సైట్‌స్పేస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. డేటాబేసులోంచి వేల వ్యాసాల వివరాలు అందులో పోస్తే రంగురంగుల గుత్తులు వస్తాయి. ఏ మాట ఏ ఏడాది పేలిందో చూపిస్తుంది. ట్రెండ్ అడిగే పిల్లలు ఎక్కువమంది చేసేది ఇదే, ఒక నెలలో ఒక పేపరు.

చేయండి, కానీ గుత్తిని చదవడం తెలియాలి. 2012 తర్వాత 'సంప్రదాయ గ్రామం' అనే మాట ఎక్కడ చూసినా అదే. ఆ ఏడాది చైనా ప్రభుత్వం సంప్రదాయ గ్రామాల జాబితా మొదలుపెట్టింది. తొలి విడతలో 646 ఊళ్ళు. 2023లో ఆరో విడతతో 8,155 అయ్యాయి. జాబితా వెంట నిధులు, నిధుల వెంట ప్రాజెక్టులు, ప్రాజెక్టుల వెంట పేపర్లు. ఇళ్ళు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి. అలాగే ఆ 8,155 చుక్కలను దేశపటం మీద పెట్టి, హుయ్‌జౌలోనూ గ్వీజౌ ఆగ్నేయంలోనూ దట్టంగా ఉన్నాయి కాబట్టి సంప్రదాయం అక్కడ బలంగా ఉంది అని తేలుస్తారు. దరఖాస్తు పెట్టిన కౌంటీ, అందంగా ఫోటో పడే ఊరు, దారి సరిగా లేక పాతది కూల్చని చోటు, ఇవి కలిస్తే చుక్క పడుతుంది. చుక్క లేనిచోట ఏముండేదని అడిగిన పేపరు నాకింకా కనపడలేదు. డ్రోన్లు, కప్పులను గుర్తుపట్టే కృత్రిమ మేధ, 'సాంస్కృతిక జన్యువు' అంటూ ఇళ్ళకు డీఎన్‌ఏ అంటగట్టడం కొత్త ముచ్చట్లు. మొదటిది కొలతకు దివ్యంగా ఉంటుంది. మూడోదాన్ని నేను నమ్మను.

9. కాపాడిన ఇంట్లో పాతవాళ్ళు ఉన్నారా అని అడగండి.

బీజింగులో వు లియాంగ్‌యోంగ్ కట్టిన జూఅర్ హుటోంగ్ గృహాలు ప్రపంచమంతా పాఠంగా చెబుతారు, నేనూ చెప్పాను. కిక్కిరిసి శిథిలమైన నాలుగు వైపుల ఇళ్ళ స్థానంలో, అదే ప్రాంగణం పద్ధతిలో రెండు మూడు అంతస్తుల ఫ్లాట్లు. మొదటి దశ 1990లో పూర్తయింది, 1992 ప్రపంచ హాబిటాట్ పురస్కారం వచ్చింది. డిజైన్ బంగారం. కానీ అక్కడ మునుపున్న కుటుంబాల్లో చాలామంది తిరిగి రాలేదు, కొత్త ఫ్లాటు ధర అందక. చెట్టు ఉంచారు, ముంగిలి ఉంచారు, ఇరుగుపొరుగు మారిపోయింది. ప్లాన్ చూసి మార్కులేసే మనకు ఇది కనపడదు.

10. చైనీస్ నేర్చుకోండి, కనీసం కీవర్డులు చదివేంత.

ఈ రంగంలో రాసినదాంట్లో ఇంగ్లీషులో ఉన్నది చాలా కొంచెం. రొనాల్డ్ న్యాప్ 1986 నుంచి వరసగా పుస్తకాలు రాసి పడమటి పాఠకుడికి దారి వేశాడు. భౌగోళిక శాస్త్రవేత్త కాబట్టి నేలా నీళ్ళూ వదలడు. అక్కడ మొదలుపెట్టండి, అక్కడే ఉండిపోకండి.

11. వెళ్తే చైనావాళ్ళ చాంద్రమాన సంవత్సరాది రోజుల్లో వెళ్ళండి.

అందరూ వేసవి సెలవుల్లో వెళ్ళి, తాళాలు పడ్డ ఇళ్ళనూ ముసలివాళ్ళనూ చూసి, "గ్రామం ఖాళీ అయింది" అని రాస్తారు. జనవరి, ఫిబ్రవరిల్లో పట్నాల నుంచి పిల్లలు వస్తారు. నడిమి సావడిలో పెద్దల పటాలు వేలాడదీస్తారు, పొయ్యి పైన దేవుడి కాగితం మారుస్తారు, ఏడాదంతా మూసిన గదిలో మనవలు పడుకుంటారు. ఆ ఇల్లు ఎందుకంత పెద్దదో ఆ వారం రోజుల్లో తెలుస్తుంది. రైలు టికెట్లు మాత్రం దొరకవు. ముందే చూసుకోండి.